రేకుల షెడ్డులో పొద్దున్నే నీటి చుక్కలు: కారణం ఏంటి, ఎలా ఆపాలి?



పై వీడియోలో మా గానుగ షెడ్డు పైకప్పును కింది నుంచి చూపించాను. వీడియోలో అన్ని లెక్కలూ చెప్పడం కుదరదు కాబట్టి కొలతలతో సహా ఇక్కడ రాస్తున్నాను. ముందు వీడియో చూసినా, ముందు ఇది చదివినా పర్వాలేదు.

కార్తీకం దాటి చలి మొదలైందంటే నాకు వచ్చే ఫోన్లలో ఒక ప్రశ్న తప్పకుండా ఉంటుంది. "అన్నా, వాన లేదు, రేకుకు ఎక్కడా బొక్క లేదు. పొద్దున షెడ్డు తలుపు తీస్తే బస్తాల మీద నీళ్లు. ఎక్కడి నుంచి వస్తున్నాయో అర్థం కావట్లా" అంటారు. చాలామంది వెంటనే మనిషిని పిలిపించి స్క్రూల మీద సీలెంట్ పూయిస్తారు. అయినా చుక్కలు ఆగవు. ఎందుకంటే అది పైనుంచి కారిన నీరు కాదు. షెడ్డు లోపలి గాలిలో ఉన్న ఆవిరి చల్లబడిన రేకుకు తగిలి నీరుగా మారింది. రేకు చెమర్చింది అన్నమాట.

నేను చెప్పేది ఒక్కటే మాట. రేకు చెమరిస్తే ముందు రేకు వైపు కాదు, నేల వైపు చూడండి. ఆ నీరు ఎక్కడ పుడుతోందో పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. రేకు కింద ఏం అతికించాలి అనేది ఆ తర్వాతి మాట.

ఇది మనకు ఎందుకు ముఖ్యం?

మా మదనపల్లె వైపు ఈశాన్య రుతుపవనాల వానలు నవంబరు, డిసెంబరులో కూడా పడతాయి. నేల తడిగా ఉంటుంది. వాన వెలిసిన మర్నాడే ఆకాశం తేటపడి చలి పెరుగుతుంది. సరిగ్గా అదే సమయానికి వేరుశెనగ, రాగులు, కొర్రలు, కంది ఒకదాని వెనక ఒకటి షెడ్డుకు చేరుతుంటాయి. పంట ఇంటికి రావడం, రేకు చెమర్చడం రెండూ ఒకే నెలల్లో జరుగుతాయి.

ప్రకృతి సేద్యం చేసేవాళ్లలో చాలామంది విత్తనం బజారులో కొనరు. వచ్చే సీజన్ విత్తనం షెడ్డులోనే ఉంటుంది. విత్తన ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం మామూలు సంచుల్లో నిల్వ చేసే వరి విత్తనంలో తేమ 13 శాతం, వేరుశెనగ కాయల్లో 9 శాతం, కంది, పెసర లాంటి పప్పు విత్తనాల్లో 9 శాతం దాటకూడదు. ఎండబెట్టి ఆ స్థాయికి తెచ్చిన విత్తనం మీద రాత్రిపూట నాలుగు చుక్కలు పడితే, ఆ తడి తగిలిన చోట బూజు మొదలవుతుంది. బస్తా పైపైన చూస్తే తెలియదు. విత్తే రోజు మొలక రాకపోతే అప్పుడు తెలుస్తుంది.

వేరుశెనగ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. తడి తగిలిన గింజ మీద ఆస్పర్జిల్లస్ అనే బూజు పెరిగితే అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. వేయించినా అది పూర్తిగా పోదు. గానుగ నూనెలోకి కొంత, చెక్కలోకి ఎక్కువ భాగం పోతుంది. ఆ చెక్కను ఆవుకు పెడితే పాలలోకీ వస్తుంది. రసాయనం వేయకుండా పండించి, నిల్వ దగ్గర విషం చేర్చుకుంటే మన కష్టానికి అర్థం ఏముంది?

మూడోది కరెంటు. గానుగ మోటారు, స్టార్టర్ బాక్సు, స్విచ్ బోర్డు మీద చుక్కలు పడితే షాక్ కొట్టే ప్రమాదం. దీన్ని రేపటికి వాయిదా వేయొద్దు.

ముందు తేల్చుకోవాల్సింది: కారిందా, చెమర్చిందా?

వాన పడినప్పుడు మాత్రమే, ఎప్పుడూ ఒకే చోట చుక్కలు పడితే అది కారడం. స్క్రూ వాషర్ పోయి ఉంటుంది, లేదా రేకు మీద రేకు సరిగ్గా ఎక్కి ఉండదు. దానికి సీలెంట్, కొత్త వాషర్లు సరిపోతాయి.

వాన లేకుండా, ఆకాశం తేటగా ఉన్న చలి రాత్రి గడిచాక పొద్దున్నే తడి కనిపిస్తే అది చెమర్చడం. నిచ్చెన వేసుకుని రేకు కింది భాగాన్ని నాలుగైదు చోట్ల వేలితో రాసి చూడండి. చెమర్చిన రేకు అంతటా సన్నటి చుక్కలు ఉంటాయి. ఎండ బాగా ఎక్కాక తనంతట తానే ఆరిపోతుంది.

ఇక్కడ ఒక తికమక ఉంది. చెమర్చిన నీరు కూడా కొన్నిసార్లు ఒకే వరుసలో పడుతుంది. రేకు కింద పుట్టిన చుక్కలు వాలు వెంబడి జారి, అడ్డంగా ఉన్న పర్లిన్ ఇనుము దగ్గర ఆగి అక్కడ కింద పడతాయి. అందుకే బస్తాల మీద తడి గీత గీసినట్టు కనిపిస్తుంది. దాన్ని చూసి "జాయింటు కారుతోంది" అనుకుంటారు. వీడియోలో ఆ గీతను దగ్గరగా చూపించాను.

రేకు ఎందుకు చెమరుస్తుంది?

ఐసు నీళ్లు పోసిన స్టీలు చెంబు బయట చెమర్చడం అందరం చూశాం. చెంబుకు చిల్లి పడలేదు. చుట్టూ ఉన్న గాలిలోని ఆవిరి చల్లటి లోహానికి తగిలి నీరైంది. మన పైకప్పు అలాంటి చెంబే, బోర్లించి ఉంది అంతే.

గాలి వెచ్చగా ఉంటే ఎక్కువ ఆవిరిని పట్టుకుంటుంది, చల్లబడితే తక్కువ. ఒక ఘనపు మీటరు గాలి 30 డిగ్రీల దగ్గర సుమారు 30 గ్రాముల నీటిని ఆవిరిగా మోయగలదు. 20 డిగ్రీల దగ్గర 17 గ్రాములు, 10 డిగ్రీల దగ్గర 9 గ్రాముల పైచిలుకు మాత్రమే. గాలి చల్లబడే కొద్దీ మోయలేని భారాన్ని నీటి చుక్కలుగా దించేస్తుంది.

ఉదాహరణకు షెడ్డులో గాలి 20 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంది అనుకుందాం. ఆ గాలి 16 డిగ్రీల చిల్లర దగ్గరున్న దేనికి తగిలినా తడి చేస్తుంది. అంటే రేకు మూడున్నర డిగ్రీలు చల్లబడితే చాలు. తేమ 90 శాతం ఉంటే రెండు డిగ్రీల లోపే చెమరుస్తుంది.

మరి రేకు అంత త్వరగా ఎందుకు చల్లబడుతుంది? మామూలుగా వాడే రేకు మందం అర మిల్లీమీటరు. దానిలో వేడి నిలవదు. పైగా తేటగా ఉన్న రాత్రి అది తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. అందుకే రేకు చుట్టూ ఉన్న గాలి కంటే కూడా కొన్ని డిగ్రీలు ఎక్కువ చల్లబడుతుంది. ఆరుబయట పెట్టిన బండి సీటు పొద్దున తడిగా ఉండి, చెట్టు కింద పెట్టిన బండి పొడిగా ఉండటానికి కారణం ఇదే. చెట్టు ఆకాశానికి అడ్డంగా ఉంటుంది. మబ్బు పట్టిన రాత్రి రేకు తక్కువ చెమర్చడానికీ ఇదే కారణం, మబ్బు దుప్పటిలా పనిచేస్తుంది.

మన పెద్దవాళ్ల బోద కప్పులు, తాటాకు కొట్టాలు, పెంకుటిళ్లు ఇలా చుక్కలు రాల్చేవి కావు. బోద, తాటాకు మందంగా ఉండి లోపలి వేడిని ఆపుతాయి. పెంకు కొంత తేమను పీల్చుకుని పగలు వదిలేస్తుంది, పెంకుల సందుల్లోంచి గాలి ఆడుతుంది. ఇనుప రేకుకు ఈ గుణాలు ఒక్కటీ లేవు. అది వానను ఆపుతుంది, గాలి దుమారానికి తట్టుకుంటుంది, తొందరగా కట్టేయొచ్చు. మిగతావి మనమే అమర్చుకోవాలి.

ఈ లెక్క ఒకసారి చూడండి

20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు, సగటున 10 అడుగుల ఎత్తున్న షెడ్డు తీసుకుందాం. అందులో గాలి దాదాపు 170 ఘనపు మీటర్లు. పైన చెప్పినట్టు 20 డిగ్రీలు, 80 శాతం తేమ ఉంటే ఆ మొత్తం గాలిలో ఉన్న నీరు రెండు లీటర్ల పైచిలుకు. రేకు 14 డిగ్రీలకు చల్లబడి, ఆ గాలంతా దానికి తగిలినా, రాలేది మూడు వందల మిల్లీలీటర్లు. ఒక పెద్ద గ్లాసుడు నీళ్లు. 600 చదరపు అడుగుల కప్పు మీద ఆ కాస్త పరుచుకుంటే చుక్క కట్టి రాలడం కూడా కష్టం.

కానీ కొందరి షెడ్లలో బకెట్లు పెట్టాల్సి వస్తోంది. అంటే ఆ నీరు సాయంత్రం గాలిలో ఉన్నది కాదు. రాత్రంతా ఎక్కడి నుంచో కొత్త ఆవిరి పుడుతూనే ఉంది, రేకు దాన్ని నీరు చేస్తూనే ఉంది. ఆ ఆవిరి పుట్టేది లోపలి తడి నుంచైనా కావాలి, బయటి నుంచి వచ్చే మంచు గాలి అయినా కావాలి. ముందు లోపలిది చూద్దాం, ఎందుకంటే అది పూర్తిగా మన చేతిలో ఉంది, ఖర్చూ తక్కువ.

మొదటి పని: ఆవిరి పుట్టే చోట్లు వెతకడం

నేల. అన్నిటికన్నా పెద్ద దోషి ఇదే. మట్టి నేల చూడటానికి పొడిగా ఉన్నా అడుగు నుంచి తేమ పైకి వస్తూనే ఉంటుంది. కింద పాలిథిన్ పరవకుండా వేసిన కాంక్రీటు, నేరుగా మట్టి మీద పరిచిన కడప బండలు కూడా అంతే. పరీక్ష చాలా తేలిక. రెండడుగుల చదరం ప్లాస్టిక్ పట్టను నేల మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో గట్టిగా అతికించండి. మట్టి నేల అయితే అంచుల మీద ఇసుక పోయండి. ఒక రోజు తర్వాత ఎత్తి చూడండి. పట్ట అడుగున తడి ఉన్నా, నేల రంగు ముదిరినా తేమ కింది నుంచే వస్తోంది.

మట్టి నేల ఉన్నవాళ్లు నేల చదును చేసి, 250 మైక్రాన్ల నల్ల పాలిథిన్ పట్ట పరిచి, అతుకుల దగ్గర అడుగు మేర ఒకదాని మీద ఒకటి ఎక్కించి, పైన రెండు మూడు అంగుళాల ఇసుక వేసి బండలు పరుచుకోండి. పట్ట అంచులు గోడ పక్కన పైకి మడిచి ఉండాలి. కొత్తగా కాంక్రీటు వేసిన షెడ్డు అయితే మొదటి కొన్ని నెలలు కాంక్రీటులోని నీరే బయటికి వస్తుంది. అప్పటిదాకా పగలు తలుపులు బార్లా తెరిచి ఉంచాలి, విత్తనం పెట్టకూడదు.

షెడ్డు చుట్టూ నీరు. చూరు నీళ్లు గోడ మొదట్లో పడి అక్కడే ఇంకితే నేల ఎన్నటికీ ఆరదు. చూరు కింద చిన్న కాలువ తీసి నీటిని ఫారం పాండ్ వైపో, చెట్ల పాదుల వైపో మళ్లించండి.

జీవామృతం డ్రమ్ములు. ఇది మన షెడ్లలోనే కనిపించే సంగతి. ఎకరానికి 200 లీటర్ల నీళ్లతో జీవామృతం కలుపుతాం. రెండు మూడు డ్రమ్ములు లోపల ఉంటే నాలుగు నుంచి ఆరు వందల లీటర్ల తడి మూతలేని పాత్రల్లో పెట్టినట్టే. గోనె పట్ట కప్పినా ఆవిరి ఆగదు. పైగా ఆవు మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, చెమర్చిన తడితో కలిసి జింకు పూతను తినేస్తుంది. డ్రమ్ములకు చెట్టు నీడే సరైన చోటు. ఘన జీవామృతం కూడా నీడలో, బయట, పల్చగా పరిచి బాగా ఆరాకే లోపలికి తేవాలి.

పశువులు. ఒక ఆవు ఊపిరి, చెమట ద్వారా రోజుకు కొన్ని లీటర్ల నీటిని గాలిలోకి వదులుతుంది. అందుకు మూత్రం, పేడ తోడు. చలికి జాలిపడి రాత్రిపూట ఆవును గింజల షెడ్డులో కడితే పొద్దున రేకు కారక మానదు. పశువుల కొట్టం వేరుగా, నాలుగు వైపులా గాలి ఆడేలా ఉండాలి.

పొయ్యి. అగ్నాస్త్రం, బ్రహ్మాస్త్రం లోపల మరిగిస్తే ఆ ఆవిరంతా కప్పుకే చేరుతుంది. గ్యాస్ పొయ్యి పొడి మంట అనుకుంటాం. కానీ కిలో గ్యాస్ మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి వస్తుంది. వెచ్చదనం కోసం రాత్రి షెడ్డులో కుంపటి, గ్యాస్ పెట్టొద్దు. తలుపులు మూసిన చోట ఊపిరాడక ప్రాణానికే ముప్పు.

పచ్చి పంట. పూర్తిగా ఆరని కాయలు, గింజలు రాశిగా పోస్తే అవి రాత్రంతా తేమ వదులుతూనే ఉంటాయి. పచ్చి పంటకు వేరే చావడి చూసుకోండి. ఆరిన దాని పక్కన ఆరనిది పెట్టకూడదు.

ఈ ఆరు చూసుకుంటే చాలామందికి చుక్కలు పడటం బాగా తగ్గిపోతుంది.

రెండో పని: గాలికి దారి

తేమ గాలి వెచ్చగా ఉంటే పైకి లేచి కప్పు కింద చేరుతుంది. అది అక్కడ ఇరుక్కుపోకుండా కింద ఒక దారి, పైన ఒక దారి ఉండాలి. ఒక్క కిటికీ ఉంటే సరిపోదు. గాలి లోపలికి రావడానికి చూరు కింద సందు, బయటికి పోవడానికి నడికొప్పు దగ్గర సందు కావాలి.

ఇళ్ల కప్పుల కోసం వాడే ఒక మోటు లెక్క ఉంది: 150 చదరపు అడుగుల నేలకు కనీసం 1 చదరపు అడుగు గాలి సందు, సగం కింద, సగం పైన. మన 600 అడుగుల షెడ్డుకు 4 చదరపు అడుగులు అవుతుంది. గింజలు, విత్తనాలు ఉండే చోట నేను దానికి రెట్టింపు కంటే తక్కువ ఉంచను, ఎందుకంటే జాలీ కొడితే సందు కొంత మూసుకుపోతుంది. 30 అడుగుల పొడవునా రెండు వైపులా చూరు కింద రెండంగుళాల సందు వదిలితే 10 చదరపు అడుగులు వస్తుంది. నడికొప్పు రేకును రెండు వైపులా రెండంగుళాలు పైకి లేపి బిగిస్తే పైన కూడా అంతే వస్తుంది. ఎలుకలు, ఉడతలు, పాములు దూరకుండా పావు అంగుళం ఇనుప జాలీ తప్పనిసరి. కొప్పు రేకు వెడల్పుగా ఉండి రెండు వైపులా బాగా కిందికి దిగితే జల్లు లోపలికి కొట్టదు.

కొప్పు లేపడం కుదరనివాళ్లు గాలికి తిరిగే గుండ్రటి వెంటిలేటర్లు పెట్టుకోవచ్చు. కరెంటు అక్కర్లేదు. కానీ గాలి స్తంభించిన రాత్రి అవి దాదాపు తిరగవు, మనకు ఇబ్బంది వచ్చేది అలాంటి రాత్రుల్లోనే. అందుకే అవి సందులకు తోడుగా పనికొస్తాయి తప్ప వాటికి బదులు కాదు.

తలుపులు ఎప్పుడు తెరవాలి? చలికాలంలో పొద్దున 10 నుంచి సాయంత్రం 4 దాకా బార్లా తెరవండి. ఆ వేళ గాలి పొడిగా ఉంటుంది, లోపలి తడిని తీసుకుపోతుంది. పొద్దు వాలాక తలుపులు, కిటికీలు మూసి, చూరు, కొప్పు సందులు మాత్రం తెరిచే ఉంచండి. మంచు దిగిన రాత్రి బయటి గాలి తేమతో నిండి ఉంటుంది. పెద్ద తలుపులు తీసి పెడితే దాన్ని మనమే లోపలికి పిలిచినట్టు. ఒకవేళ లోపల ఏదైనా పచ్చి సరుకు తప్పక ఉంచాల్సి వస్తే మాత్రం ఆ రాత్రికి కిటికీలు కూడా తెరిచే ఉంచాలి, లేకుంటే ఆ తడికి వేరే దారి ఉండదు.

గోడలే లేని షెడ్లు కూడా మంచు రోజుల్లో చెమరుస్తాయి. అంటే గాలి ఒక్కటే అన్ని రాత్రులకూ మందు కాదు. అందుకే మూడో పని.

మూడో పని: రేకు కింది భాగాన్ని చల్లబడనివ్వకపోవడం

దీనికి రెండు దారులున్నాయి: కింద అతికించడం, పైన కప్పడం.

*కింద అతికించేవి.* అల్యూమినియం పొర ఉన్న ఫోమ్ షీటు బజారులో చుట్టలుగా దొరుకుతుంది. ఫోమ్ బుడగలు ఒకదానికొకటి మూసుకుని ఉండే రకం తీసుకోవాలి, స్పాంజిలా నీళ్లు పీల్చేది పనికిరాదు. పైన చెప్పిన లెక్కలోనే చూస్తే, రేకు 14 డిగ్రీలు ఉన్నా 10 మిల్లీమీటర్ల ఫోమ్ అతికిస్తే గాలి తగిలే ముఖం దాదాపు 17, 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. చెమర్చే హద్దు 16 చిల్లర కాబట్టి తడి పట్టదు. తేమ 90 శాతం ఉంటే మాత్రం ఇది చాలదు. అందుకే మొదటి రెండు పనులు వదలకూడదు అంటున్నాను.

ఇక్కడ ఒకే ఒక్క నియమం: రేకుకూ ఫోమ్‌కూ మధ్య గాలి పోకూడదు. అతుకులన్నీ అల్యూమినియం టేపుతో మూయాలి. సందు ఉంటే తేమ గాలి వెనక్కి దూరి, కనిపించని చోట రేకు చెమరుస్తుంది. లోపల తుప్పు పడుతున్నా మనకు తెలియదు. థర్మోకోల్ పలకలు తీగతో వేలాడదీసినా, అడుగు కింద ఫాల్ సీలింగ్ కొట్టినా వచ్చే తంటా ఇదే. ఫోమ్, థర్మోకోల్ నిప్పుకు తేలిగ్గా అంటుకుంటాయి. షెడ్డులో వెల్డింగ్, గ్రైండింగ్ పని చేసేవాళ్లు ఆ మూలను దూరంగా పెట్టుకోవాలి.

కొత్తగా కప్పు వేసేవాళ్లకు ఇంకా సులువు. పర్లిన్ల మీద ముందు ఫోమ్ పరిచి ఆ పైన రేకు బిగిస్తే పర్లిన్ దగ్గర కూడా చలి దిగదు. లేదా కింద మెత్తటి ఫెల్టు లాంటి పొర ఫ్యాక్టరీలోనే అంటించిన రేకులు వస్తున్నాయి. ఆ పొర చదరపు మీటరుకు అర లీటరు దాకా తడిని పట్టుకుని, చుక్క రాలనివ్వకుండా పగలు ఆరబెట్టుకుంటుంది. దానికి పగలు గాలి తప్పకుండా ఆడాలి.

*పైన కప్పేవి.* మనలాంటి వాళ్లకు ఇది నచ్చుతుంది. రేకుకూ ఆకాశానికీ మధ్య ఏదైనా అడ్డం ఉంటే రేకు అంతగా చల్లబడదు. రేకు మీద అడుగు ఎత్తులో వెదురు పందిరి కట్టి తాటాకు గానీ బోద గానీ పరవొచ్చు. సొర, బీర, చిక్కుడు తీగలు పాకించినా పనిచేస్తుంది. వేసవిలో షెడ్డు చల్లగా ఉండటం అదనపు లాభం. కానీ ఆకు, గడ్డి నేరుగా రేకుకు ఆనకూడదు. ఆనిన చోట తడి నిలిచి రేకు తుప్పు పడుతుంది. పొయ్యి పొగ గొట్టం, కరెంటు తీగ దగ్గరగా ఉన్న షెడ్డు మీద ఎండుగడ్డి వద్దు. పైకి ఎక్కేటప్పుడు పర్లిన్ స్క్రూల వరుస మీదే అడుగు వేయండి, మంచుకు తడిసిన రేకు మీదికి పొద్దున్నే అసలు ఎక్కొద్దు.

ఈ లోపు విత్తనాన్ని కాపాడుకోవడం

పైవన్నీ ఒక్క వారంలో అయ్యేవి కావు. ఈ రాత్రి నుంచే చేయగలిగినవి ఇవి:

1. బస్తాలను పర్లిన్ల వరుస కింద నుంచి పక్కకు జరపండి. నేల మీద చెక్క పలకలు వేసి వాటి మీద పేర్చండి. గోడకూ బస్తాలకూ మధ్య అడుగున్నర, రెండడుగుల సందు ఉంచండి.

2. బస్తాల మీద నేరుగా ప్లాస్టిక్ పట్ట కప్పొద్దు. గింజల తేమ పట్ట అడుగున చెమర్చి మళ్లీ బస్తా మీదే పడుతుంది. మూడు నాలుగు అడుగుల ఎత్తులో వాలుగా టర్పాలిన్ కట్టండి. చుక్క దాని మీద పడి పక్కకు జారిపోతుంది, బస్తాకు గాలీ ఆడుతుంది.

3. విత్తనం వరకు గట్టి మూత ఉన్న డ్రమ్ములో పెట్టుకోండి. బాగా ఎండినదే పెట్టాలి. ఎండలోంచి తీసిన వేడి గింజను వెంటనే మూత పెట్టేయొద్దు, నీడలో చల్లారాక నింపండి. లేకుంటే డ్రమ్ము లోపలే చెమరుస్తుంది.

4. స్టార్టర్ బాక్సు, స్విచ్ బోర్డు మీద చిన్న చూరు లాంటి వాలు రేకు బిగించండి. వైర్లు పైనుంచి కాకుండా కింది నుంచి బాక్సులోకి వెళ్లేలా పెట్టించండి. తడి కనిపిస్తే మెయిన్ ఆపకుండా ముట్టుకోవద్దు.

5. కొడవళ్లు, గానుగ ఇనుప భాగాలు, స్పానర్లకు పల్చగా నూనె రాసి పెట్టండి. గాలిలో తేమ 60 శాతం దాటితే తుప్పు వేగం పెరుగుతుంది. దాని మీద చుక్క కూడా పడనక్కర్లేదు.

తరచూ అడిగే ప్రశ్నలు

*పైన తెల్ల రంగు వేస్తే తగ్గుతుందా?*
తెలంగాణలో 2023లో కూల్ రూఫ్ విధానం వచ్చిన దగ్గర నుంచి దీని గురించి ఎక్కువ మంది అడుగుతున్నారు. తెల్ల రంగు ఎండ వేడికి చాలా మంచిది, వేయించుకోండి. చెమర్చడానికి మాత్రం మందు కాదు. మెరిసే కొత్త జింకు రేకు రాత్రి వేడిని నెమ్మదిగా వదులుతుంది. రంగు వేసిన రేకు, అది తెలుపైనా నీలమైనా, తొందరగా వదులుతుంది. కాబట్టి తెల్ల రంగు వేయించేవాళ్లు కింద ఫోమ్ కూడా ఆలోచించాలి.

*రాత్రంతా ఫ్యాన్ వేసి ఉంచితే?*
లోపలే తిరిగే ఫ్యాన్ తేమను బయటికి పంపదు, కలియబెడుతుంది అంతే. బయటికి తోసే ఫ్యాన్ పగటిపూట వేస్తే ఉపయోగం ఉంటుంది.

*బొగ్గు, ఉప్పు, సున్నం పెడితే తేమ పీల్చుకుంటాయి కదా?*
మూత ఉన్న డ్రమ్ములో పనికొస్తాయి. గాలి వచ్చిపోయే 600 అడుగుల షెడ్డుకు బస్తాలకు బస్తాలు పెట్టినా చాలవు.

*సిమెంటు రేకు చెమర్చదు కదా, అదే వేసుకోమంటారా?*
సిమెంటు రేకు కొంత తడిని పీల్చుకుంటుంది కాబట్టి తక్కువ రాల్చుతుంది, నిజమే. కానీ ఆస్బెస్టాస్ ఉన్న రేకును కోసినా, పగలగొట్టినా వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం, క్యాన్సర్‌కూ దారితీస్తుంది. ఆహారం నిల్వ చేసే చోట నేను వద్దనే చెప్తాను.

*వాలు పెంచితే?*
లాభం ఉంటుంది. వాలు ఎక్కువైతే చుక్క కింద పడకుండా రేకు వెంబడి చూరు దాకా జారిపోయే అవకాశం పెరుగుతుంది. ఉన్న షెడ్డుకు మార్చడం కష్టం, కట్టబోయేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

చివరగా, చేసే వరుస

ఈ వారం నేల మీద ప్లాస్టిక్ పట్ట పరీక్ష చేయండి. డ్రమ్ములు, పచ్చి సరుకు, పశువులు ఉంటే బయటికి మార్చండి. చవకగా దొరికే తేమ మీటరు ఒకటి కప్పు దగ్గర వేలాడదీసి, రాత్రి పడుకునే ముందు, పొద్దున లేవగానే రెండు అంకెలూ రాసుకోండి. పది రోజుల తర్వాత తేమ తగ్గిందో లేదో మీకే తెలుస్తుంది. తగ్గకపోతే చూరు, కొప్పు సందులు తీయించండి. అప్పటికీ చుక్కలు పడుతుంటేనే ఫోమ్ కోసం గానీ పందిరి కోసం గానీ డబ్బు పెట్టండి. ముందే ఫోమ్ అతికించి నేలను వదిలేస్తే ఆ తడి ఊరుకోదు, రేకును వదిలి గోడకో, మీ విత్తనపు బస్తాకో పడుతుంది.

నేల మీద పాలిథిన్ పరిచి బండలు వేసే పనిని వచ్చే వీడియోలో మొదటి నుంచి చివరి దాకా చూపిస్తాను. అప్పటిదాకా విత్తనం జాగ్రత్త.